గ్రెగరీ పెక్ మాట పట్టుకుని రోమ్‌లో అయిదు రోజులు

మొదటి రోజు, మంగళవారం

రోమ్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. 2023 అక్టోబరు 17. మా తెనాలిలో నవరాత్రుల మూడో రోజు. మ్యూనిక్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి మాకంటే గంట ముందే దిగి, గేటు దగ్గర చెయ్యూపుతూ నిలబడింది. ఫ్యుమిచీనో విమానాశ్రయం నుంచి టెర్మినీ స్టేషన్‌కి మధ్యలో ఎక్కడా ఆగకుండా పోయే రైలుంది. తలకి 14 యూరోలు. లోపల లెక్క వేసుకోబోతే అమ్మాయి పసిగట్టి, "నాన్నా, ఈ అయిదు రోజులూ తొంభైతో గుణించడం మానెయ్" అంది.

బస పియాజ్జా విట్టోరియో దగ్గర, ఒక పాత భవనం మూడో అంతస్తులో. కింద వరసగా బంగ్లాదేశ్ వాళ్ల కొట్లు. మా ఆవిడ ఇంకా చెప్పులు కూడా మార్చుకోకుండా కిందికి దిగి కందిపప్పు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కట్ట, పెరుగు తెచ్చేసింది. "ఇంక నాకు బెంగలేదండీ, మీ ఊరు మీరు చూసుకోండి" అంది. నవరాత్రులు కదా, పది రోజులూ ఉల్లిపాయ ముట్టదు.

మీ ఊరు అనడానికి కారణం ఉంది. 1984లో విజయవాడలో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు గోడకి తెల్లదుప్పటి కట్టి 'రోమన్ హాలిడే' సినిమా వేశారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, పరిషత్తు నాటకాల్లో వేషాలు వేయడం అప్పుడప్పుడే మొదలుపెట్టాను. ఇంగ్లీషు సగమే అర్థమైంది, కథ మాత్రం పూర్తిగా అర్థమైంది. రాచ మర్యాదలతో విసిగిన ఒక యువరాణి రాత్రిపూట రాయబార కార్యాలయం నుంచి తప్పించుకుని ఊళ్లో పడుతుంది. ఒక అమెరికన్ విలేకరికి దొరుకుతుంది. ఆమె ఎవరో అతనికి తెలుసు, అతనెవరో ఆమెకి తెలియదు. ఒక్క పగలు కలిసి తిరుగుతారు. రాత్రికి ఆమె వెళ్లిపోతుంది. అతను రాయాల్సిన వార్త రాయడు. అంతే కథ. ఆ రాత్రి ఆఖరి బస్సు పోయి, స్టేషన్‌లో బెంచీ మీద తెల్లారేదాకా కూర్చున్నాను.

ఈ జూన్‌లో బడి నుంచి రిటైరయ్యాను. తీరిక దొరికాక, ఆ విలేకరి వేషం వేసిన గ్రెగరీ పెక్ ముసలితనంలో మాట్లాడిన మాటలు వెతికి వెతికి విన్నాను, చదివాను. డెబ్భై దాటాక ఆయన అమెరికాలో ఊరూరా థియేటర్లకు వెళ్లి, ఒక కుర్చీ వేసుకుని, ప్రేక్షకులు అడిగినవాటికి జవాబులు చెబుతూ సాయంత్రాలు గడిపేవాడు. దాన్ని 1999లో డాక్యుమెంటరీగా కూడా తీశారు. ఈ సినిమా ప్రస్తావన వస్తే ఆయన మాటల్లో ఎప్పుడూ ఆ వేసవి ఉంటుంది, ఆ ఊరు ఉంటుంది. తన కెరీర్‌లో అంత ఆనందంగా చేసిన సినిమా ఇంకోటి లేదన్నాడు. ఆ మాట ఊరి గురించా, పక్కన యువరాణిగా నటించిన ఆడ్రీ హెప్‌బర్న్ గురించా అని నాకెప్పుడూ సందేహం. అది తీర్చుకుందామనే వచ్చాను.

అన్నం తిని కాస్త నడిచాం. పది నిమిషాల దూరంలోనే పలాజ్జో బ్రంకాచ్చో. సినిమా మొదట్లో యువరాణి అతిథులందరి నమస్కారాలు నిలబడి అందుకుంటూ, గౌను కింద జోడు జారవిడుచుకుని కాలితో వెతుక్కునే ఘట్టం తీసింది ఈ భవనం లోపలే. తలుపులు మూసి ఉన్నాయి. ఒక్క కిటికీలో దీపం ఉంది.

రెండో రోజు, బుధవారం

పొద్దున్నే మెట్రో ఎక్కి స్పాన్యా స్టేషన్‌లో దిగాం. సొరంగం లోంచి బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే స్పానిష్ మెట్లు. 1720ల్లో కట్టారు. పైన త్రినితా దెయి మోంతి చర్చి జంట గోపురాలు, కింద పడవ ఆకారపు ఫౌంటెన్. కుడిపక్క గులాబీ రంగు ఇంట్లో ఇంగ్లీషు కవి కీట్స్ 1821లో ఇరవై అయిదేళ్లకే క్షయతో పోయాడు. మెట్ల మీద ఎవరూ కూర్చుని లేరు. 2019 నుంచి కూర్చోవడం నిషేధం, జరిమానా 400 యూరోల దాకా ఉంటుంది. ఎవరో పిల్లాడు అలసటకి చతికిలబడగానే పోలీసామె విజిల్ ఊదింది.

హెప్‌బర్న్ ఐస్‌క్రీమ్ తిన్నది ఈ మెట్ల మీదే. అప్పుడే జుట్టు కత్తిరించుకుని, చేతులు మడిచిన చొక్కాతో, ఎవరూ తనని గుర్తుపట్టని మొదటి ఉదయం అది. పెక్ పైనుంచి దిగుతూ అనుకోకుండా కలిసినట్టు నటిస్తాడు. ఇంటి దగ్గర ఈ ఘట్టాన్ని ఎన్నిసార్లు చూశానో. వెనక చర్చి గడియారంలో ముళ్లు ఒక షాటుకీ ఇంకో షాటుకీ మారిపోతూ ఉంటాయి. రెండు నిమిషాల సంభాషణకి గడియారంలో చాలాసేపు గడిచిపోతుంది. ఎడిటింగ్‌లో తప్పు అంటారు. నాకు దాంట్లో వాళ్లు పడ్డ కష్టం కనిపిస్తుంది. పొద్దుట్నుంచీ ఎండలో అదే మాట మళ్లీ మళ్లీ చెప్పి ఉంటారు.

ఎందుకంటే పెక్ చెప్పిన ఒక సంగతి ఉంది. 1952 వేసవిలో ఇక్కడ షూటింగు జరిగితే రోమ్ జనం వేలకు వేలు చుట్టూ మూగారట. పోలీసులు ఆపలేకపోయారు. ఈలలు, కేకలు, బాగుంటే చప్పట్లు. పెద్ద ఆంఫీథియేటర్‌లో, అల్లరి జనం ముందు నాటకం ఆడుతున్నట్టుండేదన్నాడు. నీకు భయంగా లేదా అని హెప్‌బర్న్‌ని అడిగితే, అస్సలు లేదంది. నిబ్బరంగా నిలబడింది.

ఆ మాట నాకు బాగా తెలిసిన మాట. ఊరి నడిబొడ్డున స్టేజీ కట్టి, ముందు వరసలో పిల్లలు, వెనక సైకిళ్ల మీద నిలబడ్డ కుర్రాళ్లు, పక్కన బజ్జీల బండి ఉండగా కరుణరసం పండించాల్సొచ్చినప్పుడు జనం ఏమిటో తెలుస్తుంది. జనాన్ని మరిచిపోతే పాత్ర తేలిపోతుంది, జనాన్నే చూస్తే నటుడు తేలిపోతాడు. హెప్‌బర్న్ అప్పటికి న్యూయార్క్ బ్రాడ్‌వేలో నాటకం ఆడి వచ్చిన పిల్ల, ఇరవై మూడేళ్లు. ఆ నిబ్బరం స్టేజీ ఇచ్చిందే.

అమ్మాయి మూడు కప్పుల జెలాటో తెచ్చింది. కింద ఫౌంటెన్ పక్కన నిలబడే తిన్నాం. మా ఆవిడ పిస్తా రుచి చూసి కళ్లు మూసుకుంది.

అక్కణ్నుంచి మార్గుట్టా వీధి అయిదు నిమిషాల నడక. సన్నటి వీధి, గోడలకి తీగలు, కింద నల్లటి చదరపు రాళ్లు. సాంపియెత్రీని అంటారు వాటిని, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెత్తటి అడుగున్న బూట్లు వేసుకుని రావాలి. తరతరాలుగా చిత్రకారుల వీధి ఇది. సినిమా దర్శకుడు ఫెల్లీనీ కూడా ఇక్కడే 110వ నంబరులో భార్య జులియెత్తా మసీనాతో కాపురమున్నాడు, గోడ మీద పలక ఉంది. విలేకరి గది ఉన్నది 51లో. ఇనప గేటు లోంచి ముంగిలి కనిపించింది, లోపలికి మెట్లు, కుండీలు. నిద్రమత్తులో ఉన్న యువరాణిని పెక్ ఈ ముంగిట్లోంచే పైకి తీసుకెళ్తాడు.

గేటు ముందు నిలబడి ఇంట్లోవాళ్లకి పెక్ చెప్పిన ఇంకో సంగతి చెప్పాను. ఈ కథ తన దగ్గరికొచ్చినప్పుడు ఆయనకి నచ్చలేదు. యువరాణిదే పెద్ద పాత్ర, తనది పక్క పాత్ర అనిపించింది. కామెడీ స్క్రిప్టు ఏదొచ్చినా దాని మీద అప్పటి హీరో కేరీ గ్రాంట్ వేలిముద్రలుండేవని, అంటే గ్రాంట్ కాదన్నాకే తనకొచ్చేవని కూడా చెప్పుకునేవాడు. దర్శకుడు విలియం వైలర్ ఒక్క మాటన్నాడట: కథ నచ్చకపోతే సరే, ఇంకొకరి పాత్ర కాస్త బాగుందని సినిమా వదులుకునేవాడివి నువ్వు కాదనుకున్నాను, పాత్ర పొడుగు కొలిచే నటుడివి కాదనుకున్నాను అని. పెక్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఇంకో మెట్టు పైకెక్కాడు. షూటింగు మొదలైన కొన్నాళ్లకే తన ఏజెంటుకి ఫోన్ చేసి, ఆ అమ్మాయి పేరు కూడా నా పేరుతో పాటు టైటిల్ పైన వేయించండి, ఆమెకి ఆస్కార్ వస్తుంది అన్నాడు. ఆమె పేరు టైటిల్ పైనే పడింది. ఆస్కార్ కూడా వచ్చింది.

కరపత్రంలో పేర్ల వరస కోసం నాటకాలు ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. నా కంటే చిన్నవాడి పేరు ముందేశారని నేనే ఒకసారి రిహార్సల్ మానేశాను, 1991లో. పెక్ సంగతి చదివినప్పుడల్లా ఆ కుర్రాడి మొహం గుర్తొస్తుంది.

మూడో రోజు, గురువారం

ఈ రోజు కోసమే వచ్చాననిపించింది సాయంత్రానికి.

పొద్దున కాపిటోలిన్ గుట్ట వెనక నుంచి ప్రాచీన రోమ్ శిథిలాలు, ఫోరమ్‌ని చూశాం. సెప్టిమియస్ సెవెరస్ విజయతోరణం కళ్లెదురుగా ఉంటుంది. మత్తుమందు తలకెక్కిన యువరాణి ఒక చిన్న గోడ మీద పడుకుని పెక్ కంటపడేది ఈ తోరణం దగ్గరే. ఇప్పుడక్కడికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాలి. రెండు వేల ఏళ్ల నాటి రాళ్ల మధ్య ఒక ఆడపిల్ల ఎవరూ లేనట్టు పడుకుని ఉండటం, పైసలు లేని విలేకరి ఆగాలా వద్దా అని ముందుకీ వెనక్కీ తిరగడం. ఆ చోటు చూస్తే ఆ తటపటాయింపు ఎంత సహజమో తెలిసింది. రాత్రిపూట అక్కడ ఆమెని వదిలేసి వెళ్లే మనిషి ఉండడు.

దారిలో మూతి ముందుకు పొడుచుకొచ్చిన ఇనప కుళాయిల దగ్గర నీళ్లు తాగాం. నసోనీ, అంటే పెద్ద ముక్కులు అంటారు. ఊరంతా కలిపి రెండున్నర వేల దాకా ఉన్నాయట. ఇరవై నాలుగ్గంటలూ చల్లటి నీళ్లు పారుతూనే ఉంటాయి. మా ఆవిడ సీసా నింపుకుని కొంగుతో తుడిచి, "ఎండాకాలం మన చలివేంద్రాల్లా ఉన్నాయండీ" అంది.

అక్కణ్నుంచి కిందికి దిగి, నది వైపు నడిస్తే శాంతా మరియా ఇన్ కోస్మెదిన్ చర్చి. దాని వసారాలో గోడకి నిలబెట్టి ఉంది సత్యం పలికే నోరు. బొక్కా దెల్లా వెరితా. మనిషెత్తు పాలరాతి చక్రం, దాని మీద గడ్డమున్న మొహం, కళ్లు, ముక్కు, నోరు ఉండాల్సిన చోట్ల కన్నాలు. ప్రాచీన రోమన్లు చెక్కింది. నీళ్లు పోయే కాలవ మీది మూత అయ్యుంటుందని చెబుతారు. 1632లో తెచ్చి ఈ వసారాలో పెట్టారు. అబద్ధాలకోరు చెయ్యి పెడితే కొరికేస్తుందని నమ్మకం. వరసలో నలభై నిమిషాలు నిలబడ్డాం. ఒక్కొక్కరికీ ఒక్క ఫోటో తీసుకునేంత వ్యవధి.

ఈ ఘట్టం గురించి పెక్ ఎన్నిసార్లు చెప్పాడో. స్క్రిప్టులో ఉన్నది ఇద్దరూ చెయ్యి పెట్టడం వరకే. తీయబోయే ముందు పెక్ వైలర్‌ని పక్కకి పిలిచి, రెడ్ స్కెల్టన్ అనే హాస్యనటుడి పాత ట్రిక్కు ఒకటి చేస్తానన్నాడు. వైలర్ సరే, ఆమెకి చెప్పొద్దన్నాడు. పెక్ చెయ్యి నోట్లో పెట్టి ఒక్కసారిగా అరిచి, చెయ్యి బయటికి లాగాడు. కోటు చేతిలో చెయ్యి లేదు. లోపలికి ముడిచి దాచేశాడు. హెప్‌బర్న్ పెట్టిన కేక నటన కాదు. వెంటనే అతని గుండెల మీద కొట్టడం, నవ్వడం, అదీ నటన కాదు. ఒక్క టేక్‌తో సరిపోయింది.

నాటకాల్లో కూడా ఇలాంటివి చేస్తాం. సురభి వాళ్లు మంటలు రప్పిస్తారు, మనుషుల్ని గాల్లోకి లేపుతారు. అవి ప్రేక్షకుల్ని ఆశ్చర్యపెట్టడానికి. పెక్ చేసింది ప్రేక్షకుల కోసం కాదు, ఎదుటి నటి కోసం. అవతలి మనిషి నుంచి ఒక నిజం రప్పించడానికి తను ఒక అబద్ధం ఆడాడు. అదీ ఎక్కడ, అబద్ధమాడితే చెయ్యి పోతుందనే చోట.

వరస జరుగుతూ ఉంటే నాకు ఇంకోటి తట్టింది. ఈ నోటి ముందు నిలబడ్డ ఇద్దరూ ఆ కథలో అబద్ధాలాడుతున్నవాళ్లే. ఆమె బడి ఎగ్గొట్టిన పిల్లనని చెబుతుంది, అతను తన ఉద్యోగం దాస్తాడు. కాస్త ముందు పోలీసు స్టేషన్‌లో పెళ్లి చేసుకోబోతున్నామని కూడా బొంకి బయటపడ్డారు. తెర మీద కథారచయిత అని పడ్డ పేరు కూడా అబద్ధమే. అసలు రాసింది డాల్టన్ ట్రంబో. కమ్యూనిస్టులా కాదా అని అమెరికా కాంగ్రెసు కమిటీ 1947లో నిలదీస్తే జవాబు చెప్పడానికి నిరాకరించిన పదిమందిలో ఆయనొకడు. 1950లో జైలుకెళ్లాడు. హాలీవుడ్ ఆయన పేరుని నిషేధించింది. అందుకని స్నేహితుడు ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్ తన పేరు అరువిచ్చాడు. కథకి వచ్చిన ఆస్కార్ ట్రంబో చేతికి రాలేదు. 1976లో ఆయన పోయాడు. 1993లో అకాడమీ వాళ్లు ఆ బహుమతిని ఆయన భార్యకిచ్చారు. స్క్రీన్‌ప్లేలో ఆయన పేరు చేరడానికి 2011 దాకా పట్టింది. తన పేరు తను చెప్పుకోలేని మనిషి ఆ ఇద్దరి చేతులూ ఈ నోట్లో పెట్టించాడంటే, ఆ కాగితం మీద కలం ఆగి ఉంటుందా అనిపించింది.

మా వంతు వచ్చింది. మా ఆవిడ ముందు పెట్టింది, ఏమీ అనలేదు. నేను చెయ్యి పెట్టి, నోటి లోపలి చల్లటి రాయి వేళ్లకి తగులుతుండగా ఆమెకి చెప్పాను. 1989లో ఎలక్షన్ డ్యూటీ అని చెప్పి రెండు రాత్రులు ఇంటికి రాలేదు కదా, అది డ్యూటీ కాదు, పరిషత్తు పోటీకి వెళ్లాను. అప్పుడు పాప నెలల బిడ్డ, జ్వరంగా ఉంది.

"నాకు ఆ రోజే తెలుసు. చెవి వెనక రంగు పోలేదు మీకు" అంది.

ముప్ఫై నాలుగేళ్లు. వెనకున్న వాళ్లు తొందరపెడుతున్నారు. అమ్మాయి ఫోటో తీయడం మరిచిపోయింది. ఆ పాప దాని అక్క, ఇప్పుడు హైదరాబాదులో ఇద్దరు పిల్లల తల్లి.

చర్చి లోపల ఒక పక్క అద్దాల పెట్టెలో పూలకిరీటం పెట్టిన కపాలం ఉంది. సెయింట్ వాలంటైన్‌దని చెబుతారు. దాని ముందు కాసేపు కూర్చున్నాం, ముగ్గురం మాట్లాడకుండా.

రాత్రి పప్పన్నం తింటూ ఇంకో విషయం మాట్లాడుకున్నాం. చివరికొచ్చేసరికి కారులో విడిపోయే ఘట్టంలో హెప్‌బర్న్‌కి ఏడుపు రాలేదు. ఎన్ని టేకులు తీసినా రాలేదు. వైలర్ అందరి ముందూ గట్టిగా కసిరాడు. ఆమె బావురుమంది, కెమెరా తిరిగింది. ఈ సంగతి ఆమే చెప్పుకుంది. అది కూడా నిజమైన కన్నీరే. కానీ నా మనసు పెక్ వైపే మొగ్గుతుంది. బడిలో పిల్లల చేత నాటకాలు వేయించేటప్పుడు నేను కసిరి ఏడిపించిన వాళ్లున్నారు. ఇంకో దారి ఉందని అప్పుడు తోచలేదు.

నాలుగో రోజు, శుక్రవారం

మూలా నక్షత్రం. బెజవాడలో అమ్మవారికి సరస్వతి అలంకారం. మా ఆవిడ తెల్లవారుఝామునే లేచి ఫోన్‌లో అమ్మవారిని చూసుకుని, తెల్లచీర కట్టుకుని బయల్దేరింది.

కొలోసియం దగ్గర వరసగా నిలబెట్టిన వెస్పా స్కూటర్లు కనిపించాయి. అద్దెకిస్తారు, డ్రైవరు నడుపుతుంటే వెనక కూర్చుని కూడా ఊరు చూడొచ్చు. వాటిలో ఒకటి పాత మోడల్, ఆకుపచ్చది. ఎడమ చేతి పిడి తిప్పితే గేరు పడే రకం. పట్టుకోగానే చెయ్యి దానంతటదే రెండో గేరులోకి తిరిగింది. మా నాన్నగారి బజాజ్ చేతక్ అదే తీరు. మొదట్లో బజాజ్ వాళ్లు ఇటలీ పియాజ్జో కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని ఈ వెస్పానే మన దేశంలో తయారుచేశారు. చేతక్‌కి డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లం. స్టార్టు కాకపోతే పక్కకి ఒంచి మళ్లీ కిక్కు కొట్టేవాళ్లం. పెక్ వెనక కూర్చుని హెప్‌బర్న్ రోమ్ వీధుల్లో పోయే ఘట్టం ప్రపంచమంతా చూసి మురిసిపోయింది, ఆ తర్వాత ఆ బండి పేరు చెబితే రోమ్ గుర్తొచ్చేది. నాకు మాత్రం మా నాన్నగారి వెనక అమ్మ పక్కకి తిరిగి కూర్చుని, ఒడిలో చెల్లాయి, ముందు నిలబడి నేను, బోసు రోడ్డు గుర్తొచ్చింది.

త్రెవీ ఫౌంటెన్ దగ్గర అడుగు తీసి అడుగు వేయలేనంత జనం. 1762లో పూర్తయిన కట్టడం. ఎండ పడి రాయి తెల్లగా మెరుస్తోంది. నాణేలు వేస్తూనే ఉన్నారు, ఆ డబ్బు కారితాస్ అనే సేవా సంస్థ పేదలకి వాడుతుంది. హెప్‌బర్న్ జుట్టు కత్తిరించిన మంగలి కొట్టు పక్క సందులోనే ఉండేది, ఇప్పుడు తోలు సంచుల దుకాణం. ఫౌంటెన్ దగ్గర పెక్ బడిపిల్లల దగ్గర కెమెరా లాక్కోబోతాడు చూశారా, ఆ పిల్లలు వైలర్ కూతుళ్లే. ఎక్కువసేపు ఉండలేకపోయాం.

సాయంత్రం నది దగ్గరికి వెళ్లాం. కాస్తెల్ సాంతాంజెలో, హాడ్రియన్ చక్రవర్తి సమాధిగా కట్టుకున్న గుండ్రటి కోట. సినిమాలో దాని కింద పడవ మీదే నాట్యం, గిటారుతో తల మీద కొట్టడం, ఇద్దరూ నదిలో దూకడం, తడి బట్టలతో గట్టు మీద ఆ ముద్దు. ఆ పడవ ఇప్పుడు లేదు. 1870 వరద తర్వాత నదికి రెండు పక్కలా ఎత్తయిన గోడలు కట్టారు, కిందికి దిగితే పైన ఊరి చప్పుడు వినిపించదు. నీళ్లు ఆకుపచ్చగా, నెమ్మదిగా కదులుతున్నాయి. పైన చెట్ల మీద పిట్టలు గుంపులు గుంపులుగా చేరుతున్నాయి.

మెట్ల మీద కూర్చుని అమ్మాయికి చెప్పాను. హెప్‌బర్న్ తర్వాత రోజుల్లో ఒక ఇటాలియన్ డాక్టర్ని పెళ్లి చేసుకుని, 1970ల్లో ఈ ఊళ్లోనే గృహిణిగా ఉండిపోయింది. 1988 నుంచి యూనిసెఫ్ తరఫున ఆకలితో ఉన్న పిల్లల కోసం తిరిగింది. 1993 జనవరి 20న కన్నుమూసింది. అప్పుడు పెక్ కెమెరా ముందు కూర్చుని, కళ్లలో నీళ్లతో, ఆమెకి ఇష్టమైన కవిత ఒకటి చదివాడు. టాగూర్ రాసిన 'అనంత ప్రేమ', ఇంగ్లీషు అనువాదంలో. రోమ్‌లో మొదలైన స్నేహానికి వీడ్కోలు చెప్పడానికి ఆయనకి మన దేశపు కవి మాట దొరికింది.

"అయితే వాళ్లిద్దరూ..." అని ఆగింది అమ్మాయి.

స్నేహితులే. ఆఖరిదాకా.

అయిదో రోజు, శనివారం

పలాజ్జో కొలొన్నా ప్రైవేటు భవనం, కొలొన్నా వంశం వాళ్లు ఇప్పటికీ ఉంటున్నారు. శనివారం పొద్దున పూట జనాన్ని రానిస్తారు, అందుకే ప్రయాణం ఈ రోజు దాటేలా పెట్టుకున్నాం. లోపల చూడాల్సినవి బోలెడు. అన్నీబలే కరాచ్చీ గీసిన చిక్కుళ్లు తినే మనిషి బొమ్మ ముందు మా ఆవిడ చాలాసేపు ఆగింది. గిన్నె, రొట్టె, ఉల్లికాడలు, స్పూను నోటి దాకా వచ్చి ఆగిన కూలివాడు. "పాపం తినేటప్పుడు చూస్తే దిష్టి తగులుతుంది" అని పక్కకి తప్పుకుంది.

పెద్ద హాలులోకి రాగానే నేను గుర్తుపట్టాను. పైకప్పంతా 1571 లెపాంటో నౌకాయుద్ధం బొమ్మలు, బంగారు అంచులు, అద్దాలు, పాలరాతి నేల. సినిమా ఆఖరి ఘట్టం ఇక్కడే. యువరాణి పత్రికల వాళ్లని కలుస్తుంది. ఆ వరసలో నిలబడ్డవాళ్లలో నిజం విలేకరులు కూడా ఉన్నారు. మీరు చూసిన ఊళ్లలో ఏది నచ్చిందని ఎవరో అడుగుతారు. ఏ ఊరి అందం ఆ ఊరిదని, నేర్పిన జవాబు మొదలుపెట్టి, మధ్యలో ఆపి, రోమ్ అంటుంది. అందరి ముందూ ఆమె చెప్పుకోగలిగిన నిజం ఆ ఒక్క ఊరి పేరు.

ఈ గుమ్మంలో నిలబడి నా సందేహం తీరిందనుకుంటాను. పెక్ ఆ వేసవి గురించి చెప్పినప్పుడల్లా ఊరినీ ఆమెనీ విడదీయలేకపోయాడు, ఎందుకంటే ఆ కథలో కూడా విడదీయడానికి వీల్లేదు. మన డ్యూయెట్లలో వెనక ఏ ఊరు పెట్టినా పాట మారదు. ఇక్కడ ఊరు తీసేస్తే ఆమె ఆఖరి మాటే పోతుంది.

ఆ వేసవిలో పెక్‌కి ఇంకోటి కూడా జరిగింది. రోమ్ వెళ్తూ పారిస్‌లో ఆగినప్పుడు వెరోనిక్ పస్సానీ అనే పత్రికా రచయిత్రి ఆయన్ని ఇంటర్వ్యూ చేసింది. మూడేళ్ల తర్వాత, 1955 చివరి రోజున ఆమెని పెళ్లి చేసుకున్నాడు. 2003లో పోయేదాకా కలిసే ఉన్నారు. తెర మీద విలేకరిగా యువరాణిని వదులుకుంటూ ఈ హాలులో నిలబడ్డ మనిషికి, తనని ప్రశ్నలడిగిన విలేకరి అప్పటికే మనసులో ఉందో లేదో.

"నేనైతే వెళ్లిపోయేదాన్నే, ఆ అమ్మాయి చేసింది సరైనదే" అంది మా ఆవిడ. "మన సినిమాలో అయితే తండ్రి వచ్చి చేతులు కలిపేవాడు కదమ్మా" అంది అమ్మాయి. "కలిపినా ఆమె ఆగేది కాదే. ఆమె మీద ఎంతమంది ఆధారపడి ఉన్నారో."

హాలు చివర మెట్ల మీద ఒక ఇనప గుండు ఉంది. 1849లో ఫ్రెంచి సైన్యం రోమ్‌ని ముట్టడించినప్పుడు కిటికీ పగలగొట్టుకుని వచ్చి పడింది. పగిలిన పాలరాయిని బాగుచేయలేదు, గుండుని తీయలేదు. తల్లీకూతుళ్లిద్దరూ దాని దగ్గరికి వెళ్లి వంగి చూస్తున్నారు.

నేను హాలు మధ్యలో నిలబడ్డాను. యువరాణి లోపలికి వెళ్లిపోయాక, విలేకరులందరూ వెళ్లిపోయాక, పెక్ ఒక్కడే ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తాడు. మాట లేదు. అడుగుల చప్పుడు మాత్రమే. దాదాపు బయటికి వెళ్లిపోయే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడు. మొహంలో ఏమీ చేయడు. పక్క పాత్ర అని వద్దనుకున్న నటుడికి వైలర్ ఆఖరి నిమిషాలు మొత్తం ఇచ్చేశాడు, ఆయన ఆ నిమిషాల్లో నడక తప్ప ఏదీ చేయలేదు. నలభై ఏళ్ల నా నటనలో నేను ఒక్కసారి కూడా అంత తక్కువ చేసే ధైర్యం చేయలేదు.

గుమ్మం వైపు నడిచాను. చుట్టూ టూరిస్టులు, ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు, కాపలా మనిషి ఫ్లాష్ వద్దని చెబుతున్నాడు. బూట్ల చప్పుడు నాకు వినిపించింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాను. మెట్ల మీద మా ఆవిడ గుండు దగ్గరే కూర్చుండిపోయింది, మోకాలు పట్టుకుని. నన్ను చూసి, ఉండండి వస్తున్నా అన్నట్టు చెయ్యి ఎత్తింది.